కోసేసిన దీవెన

మేడ్చల్,
ఆదివారం మధ్యాహ్నం

లిఖీ,

ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. అందరం తిని తిరుగుతున్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, చెప్పాలనుకున్నది నా దగ్గరే మిగిలిపోతుంది. పోనీ మెయిల్ రాద్దామంటే, ఈ మధ్య నా కంప్యూటర్ ముందు కూర్చుంటే పరాయి వాళ్ళింట్లో సోఫా అంచున కూర్చున్నట్టుంది. అందుకే పెన్ను పట్టాను. కాగితం ముందు పెట్టుకునేసరికి నా చేతికి బడి తెలుగు వచ్చేసింది, నవ్వకు. మా యాసలో జవాబు రాసే సాహసం మాత్రం చేయకు తల్లీ, కాలేజీలో నీ నోట్లో పడి అది పడ్డ పాట్లు ఇంకా మర్చిపోలేదు.

నాయిన పోయాక వచ్చిన రెండో వానాకాలం ఇది. అమ్మ గౌడవెల్లి ఇల్లు కిరాయికిచ్చి మా దగ్గరికి వచ్చేసింది. మా ఆయన హరీష్‌కి ఫ్యాక్టరీలో షిఫ్టులు, నాకు తుర్కపల్లిలో ల్యాబు. పగలంతా ఆమె ఒక్కతే ఉంటుంది. సాయంత్రం శామీర్‌పేట ట్రాఫిక్ దాటుకుని మా క్యాబ్ నన్ను దింపేసరికి, కంప్యూటర్ తెరను కొంగుతో తుడిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. నేను చెప్పులు విడవక ముందే, "మీ నాయినను పెట్టు" అంటుంది. ఫోటోను కాదు, గొంతును.

నీకు గుర్తుందా, ఫైనలియర్‌లో కొంపల్లిలో మీ ఇంట్లో కూర్చుని ఆ క్యాసెట్‌ను నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం. టేప్ రికార్డర్‌కి ఎక్కడిదో వైరు తగిలించి, మీ అమ్మను మిక్సీ వేయొద్దని బతిమాలి, మధ్యాహ్నమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మల్లన్న కథ మొత్తం ఎక్కాక, వెనక్కి తిప్పబోతే టేపు తెగిపోయింది. నేను ఏడ్చాను. "ఏడుస్తావేంటే, మీ నాన్న ఇప్పుడు ఇందులో ఉన్నారు, ఇంక తెగరు" అన్నావు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ ధీమాగా ఉన్నాను.

ఆ క్యాసెట్ బజార్లో దొరికే రకం కాదని నీకు తెలుసు. మా వాళ్ళ ఒగ్గు కథలో ఒక పద్ధతి ఉంది. కథ నడుస్తుండగా ఎవరైనా పదో పరకో చదివిస్తే, కథ ఎంత రసపట్టులో ఉన్నా ఆపి, వాళ్ళ పేరు, ఊరు, ఇంట్లో వాళ్ళ పేర్లు చెప్పి దీవించి, అప్పుడు మళ్ళీ కథలోకి పోవాలి. సికింద్రాబాదులో రికార్డింగు రోజు నాయినకు అది స్టూడియో అన్న సంగతే గుర్తులేదు. క్యాసెట్ కంపెనీ గోపాలరావు గారు చాయ్ తెప్పించారని, ఆయన భార్య ఇంటి నుంచి అన్నం పంపించిందని, మల్లన్న పెళ్ళి మధ్యలో ఆపేసి వాళ్ళిద్దరినీ పేరు పెట్టి దీవించాడు. నేను అప్పుడు చిన్నపిల్లని, గదిలో ఓ మూల కూర్చుని ఉన్నాను. జనం చదివించడం చూసీ చూసీ, పిప్పరమెంట్లకని నాయినే ఇచ్చిన రూపాయి బిళ్ళను తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టాను. అద్దం అవతల రికార్డింగాయన చేతులు ఊపుతున్నాడు. నాయిన పట్టించుకోలేదు. "గౌడవెల్లి ఒగ్గు బాలనర్సయ్య బిడ్డె సుస్మిత, రూపాయి సదివించింది. నా తల్లి సల్లగుండాలె, సదువుల తల్లి కావాలె" అని డోలు వాయించాడు. కంపెనీ వాళ్ళు ఆ ముక్కంతా కోసేసి క్యాసెట్ అమ్మారు. దీవెన కోయకూడదని నాయిన గొడవపడితే, గోపాలరావు గారు కోయని టేపుకు ఒక కాపీ చేసి ఇచ్చారు. మన దగ్గర ఉన్నది అదే.

ఈ ఎండాకాలం పాత కంప్యూటర్ చచ్చింది. కొత్తది కొన్నాం. హార్డ్ డిస్క్ తగిలించి నాయిన కథ తెరిచాను. "ఈ రచనపై హక్కులు వేరొకరివి. తెరవడానికి మీకు అనుమతి లేదు" అని వచ్చింది. ఇంకోసారి నొక్కితే తాళం బొమ్మ. ఆ తాళం ఫైలుకే పడిందట, ఏ కంప్యూటర్‌కి తీసుకెళ్ళినా దాంతోనే వెళుతుందట. అమ్మ తెర వంక, నా వంక చూసి, "గీ డబ్బల మీ నాయిన ఉన్నడంటివి గద. మరి పల్కడేంది?" అంది.

చట్టం ఇంకా రాలేదు. ఢిల్లీలో ముసాయిదా తయారు చేసి జనాన్ని అభిప్రాయం అడుగుతున్నారు, అంతే. ప్రతి కంప్యూటర్‌లో ఒక కాపలా ఉండాలి, అది దొంగ కాపీలను పట్టుకుని తాళం వేయాలి, కొన్నవాళ్ళు ఆ కాపలాను తీసేస్తే నేరం. ఎటూ వచ్చేదే కదా అని కంపెనీలు ముందే పెట్టి అమ్మేస్తున్నాయి.

ఇప్పుడు అసలు మాట. ఆ ముసాయిదాకు మద్దతుగా మా ల్యాబులో సంతకాలు తీసుకుంటే నేనూ చేశాను. అందరికంటే ముందు చేశాను. నాయిన క్యాసెట్ కొమురెల్లి జాతరలో విరగబడి అమ్ముడుపోయిన ఏడాదే, మేడ్చల్ బస్టాండులో దాని దొంగ కాపీలు సగం ధరకు వచ్చేశాయి. గోపాలరావు గారు నష్టపోయి రెండో క్యాసెట్ మానుకున్నారు. ఎల్లమ్మ కథ పాడతానని గొంతు సవరించుకుంటూనే నాయిన ముసలివాడయ్యాడు. అది నా కడుపులో ఉంది. దొంగలకు తాళం పడాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. అది మా ఇంట్లోనే ముందు పడింది.

తాళం బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక కంపెనీ పేరుంది. అది నువ్వు పనిచేసే కంపెనీ. నువ్వు చేసేది ఇదేనా, లిఖీ? నువ్వే ఎక్కించి నువ్వే మూసేశావా?

కోపంగా రాయకూడదనుకున్నాను. రాసేశాను. చింపి మళ్ళీ రాసే ఓపిక లేదు.

నీ
సుస్మిత


బెంగళూరు,
శుక్రవారం

సుస్మితా,

నీ ఉత్తరం ఆఫీసు బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. క్యాంటీన్లో ఒకసారి తీసి చదివి, పక్కవాళ్ళు చూస్తున్నారని మళ్ళీ లోపల పెట్టేశాను. ఇక్కడ నన్ను లిఖీ అనేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పిలుపు చూసి సంతోషపడేలోపే కింద పేరాలు చదవాల్సి వచ్చింది.

అవును, నేను చేసేది అదే. కాపలాకు చెవులు చేసే పని నాది. ఒక పాటను ఎవరు కోసినా, అతికించినా, గొంతును బట్టి అది ఏ రికార్డింగో పోల్చుకోవాలి. అందులో మా బృందం చాలా గట్టిది. మీ నాన్నగారి గొంతును అది ఇట్టే పట్టేసిందంటే నేను పని బాగా చేశానని అర్థం. ఈ వాక్యం రాస్తుంటే నాకెలా ఉందో నువ్వు ఊహించుకో.

కానీ నన్ను పూర్తిగా దోషిని చేయకు. నేను ఈ ఉద్యోగంలో చేరింది మీ నాన్నగారిని చూసే. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఎల్లమ్మ కథలో నాలుగు చరణాలు పాడి, "ఇది క్యాసెట్ల రావాల్సింది బిడ్డా" అనేవారు. ఒక మనిషి కష్టాన్ని బస్టాండులో సగం ధరకు అమ్ముకునేవాళ్ళను ఆపాలంటే ఏదో ఒకటి ఉండాలి కదా. నువ్వూ అలాగే అనుకుని సంతకం చేశావు. దొంగను పోల్చుకోవడం నేర్పాం గానీ, కూతుర్ని పోల్చుకోవడం నేర్పలేదు. అలాంటిది ఒకటి కావాలని మాలో ఎవరికీ తట్టలేదు. మొన్న మీటింగులో నీ పేరు చెప్పకుండా అడిగాను. "అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?" అన్నారు. నేను తలవంచుకుని కూర్చున్నాను.

నేను బటన్ నొక్కి తెరవలేను. నేనే కాదు, ఇక్కడ ఎవరూ తెరవలేరు. హక్కు ఉన్నవాళ్ళు రాసి ఇస్తే మాత్రం తాళం తీసే దారి ఒకటుంది. నేను వెతికాను. గోపాలరావు గారు తన క్యాసెట్లన్నీ ఎప్పుడో ముంబైలో ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. వాళ్ళకు నేను రెండుసార్లు రాశాను, జవాబు లేదు. ఒక్క ఫైలు కోసం వాళ్ళు కుర్చీలోంచి లేవరు. గోపాలరావు గారు మాత్రం కొంపల్లిలోనే, మా పాత కాలనీకి అవతల విల్లాలో ఉంటున్నారట. వెళ్ళి చూడు. ఏమైనా కాగితాలు ఉన్నాయేమో అడుగు.

ఆ మధ్యాహ్నం టేపు తెగినప్పుడు నేనన్న మాట నాకూ గుర్తుంది. అది అబద్ధమయ్యాక నీకు మొహం చూపించలేక ఫోన్ చేయడం లేదు. అమ్మను అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు.

లిఖిత


మేడ్చల్,
బుధవారం, సెలవు పెట్టాను

లిఖీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజుకు తిట్లు అయిపోయాయి. కోపం పోలేదు, కానీ నీ మీద నుంచి కాస్త జరిగింది.

ముందు నీకు చెప్పని పని ఒకటి చేశాను. మేడ్చల్ మార్కెట్లో అన్వేష్ అనే అతని కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. నీ దారి తేలేలోపు తాళం బద్దలు కొట్టించేద్దామని డిస్క్ తీసుకెళ్ళాను. అతను కాసేపు చూసి, తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అన్నాడు. "అక్కా, తాళం తీసుడు పెద్ద కష్టమేం గాదు. గని గిప్పుడు నేను తీస్తే, రేపు కానూను అచ్చినంక గీ పనిజేసినోళ్ళను ఏరుకుంటరు. గీ డబ్బ యాడ యాడ తెరిచిండ్రో అన్నీ పైకి చెప్తదట. దుకాణం నాది, పేరు నాది. పిల్లలున్నరు."

"కంప్యూటర్ నాది కదా అన్నా. నా పైసలతోని కొన్న. నా ఇంట్ల నేను తాళం తీసుకుంటే నేరమేంది?" అన్నాను. కోపమొస్తే నాకు బడి తెలుగు రాదు.

"కొన్నవు అక్కా. గని ఇల్లు కొన్నట్టు గాదు, కిరాయికి దిగినట్టే. ఓనరు ఢిల్లీల ఉన్నడో, బెంగళూరుల ఉన్నడో మనకెర్కలే" అన్నాడు. బెంగళూరు ఓనరు నా స్నేహితురాలే అని చెప్పలేదు. డిస్క్ బ్యాగులో వేసుకుని వచ్చేశాను. రాని చట్టానికే ఇంత భయమైతే, వచ్చాక ఎలా ఉంటుందో చూడు.

తర్వాత కొంపల్లి వెళ్ళాను. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని అన్నీ అడిగారు. వచ్చిన పని ఏమని చెప్పను? "మా నాయిన గొంతు కోసం" అంటే లోపలికి పంపుతారా? చుట్టాలమన్నాను. గోపాలరావు గారు వరండాలో కూర్చుని ఉన్నారు. చెవి మెషీన్ ఉంది, మనిషి బాగా తగ్గిపోయారు. ఒగ్గు బాలనర్సయ్య కూతుర్నని చెప్పగానే లేచి నిలబడబోయారు.

"కూర్చోమ్మా, కూర్చో. రూపాయిచ్చిన పిల్లవి నువ్వేనా?" అన్నారు.

లిఖీ, నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ లోకంలో నేనూ అమ్మా నువ్వే అనుకున్నాను.

జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విన్నారు. లోపలికి వెళ్ళి తనే మంచినీళ్ళు తెచ్చారు. ఇంట్లో ఇంకెవరూ ఉన్నట్టు లేదు. "మీ నాన్న నాకు చేసిన నష్టం ఏంటో తెలుసా? ఆ దీవెన రికార్డు చేయడానికి ఎంత టేపు వృథా అయిందో! నేను తిడుతూ కూర్చున్నాను. మా ఆవిడ మాత్రం ఇంటి దగ్గర ఎదురొచ్చి, నా పేరు చదివారట కదా అని మురిసిపోయింది. ఏ పేరు చదివాడనుకున్నావు? దాని అసలు పేరు రాజ్యలక్ష్మి. అమ్మడూ అని నేనొక్కణ్ణే పిలిచేవాణ్ణి. ఫోన్లో నేను పిలవడం విని మీ నాన్న అదే పేరనుకున్నాడు. గోపాలరావు సారు ఇల్లాలు అమ్మడమ్మ సల్లగుండాలె అన్నాడు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడా పేరు పిలవడానికి నాకు మనిషి లేదు, నాతో కలిసి పిలిచినవాడూ పోయాడు. ఆ టేపు నీ దగ్గరుందా?"

"ఉంది సార్. తెరవనివ్వట్లేదు" అన్నాను.

ఆ వరండాలో ఉన్నది ఇద్దరం. పాడినవాడి కూతురు, పాడించినవాడు. మా ఇద్దరిలో ఒక్కరికి కూడా వినే అనుమతి లేదు. నీ కాపలాను ఆ వరండాలోకి తీసుకొచ్చి మా ఎదురుగా నిలబెట్టాలనిపించింది. వచ్చి చెప్పమను, ఇందులో దొంగ ఎవరో.

ఆయనకు ముంబై వాళ్ళ మీద కోపం లేదు. అప్పుల్లో ఉన్నప్పుడు కొన్నారు, మంచిదే అన్నారు. కాగితాలు మాత్రం నాచేత వెతికించారు. పాత సూట్‌కేసులో దొరికిన ఒప్పందం కళ్ళజోడు మార్చి మార్చి చదివారు. చదువుతూ చదువుతూ ఆగి, "అమ్మాయ్, నేను అమ్మింది ఏంటి?" అని నన్నే అడిగారు.

"క్యాసెట్ సార్."

"అదే. విడుదలైన క్యాసెట్. దాని మీద ఉన్నది మాత్రమే అమ్మాను. కోసేసింది నేనెవరికీ అమ్మలేదు. దాన్ని కొంటానన్నవాడు కూడా లేడు. మీ నాన్న ఆ ముక్కకు నా దగ్గర పైసా తీసుకోలేదు, కాగితం రాయలేదు. అంటే అది నాది కూడా కాదు. మీ నాన్నది."

ఆ మాట ఆయనే తన చేత్తో రాసి సంతకం చేశారు. దాని ఫోటో, ఒప్పందం ఫోటో నీకు పంపుతున్నాను. కథ మాది కాదేమో, లిఖీ. మల్లన్న పెళ్ళి ముంబై వాళ్ళదే అనుకో. కానీ ఆ దీవెన ఎవరిది? పైసాకు పనికిరాదని పారేసిన దాని మీద నీ కాపలా ఎలా తాళం వేస్తుంది? మీ మీటింగులో ఈసారి నా పేరు చెప్పి అడుగు. తలవంచుకోకు.

నీ
సుస్మిత


మేడ్చల్,
ఆదివారం సాయంత్రం

లిఖీ,

నువ్వు పంపింది అందింది. మీటింగులో లేచి నిలబడి "ఈవిడ నా స్నేహితురాలు, ఈ టేపు ఎక్కించింది నేనే" అన్నావని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను, గర్వం ఎక్కుతుంది నీకు. ఉద్యోగానికి ఏమీ కాదు కదా? అయితే వచ్చేయ్. మా ఇంట్లో అమ్మ పక్కన ఇంకో కుర్చీ పడుతుంది.

ఆ మధ్య ముక్కను మాత్రం విడదీసి తాళం తీయగలిగామని, ముందూ వెనకా కథ అలాగే మూసి ఉంటుందని రాశావు. ముంబై వాళ్ళు పలికే వరకూ అంతేనన్నావు. సరే అన్నాను. నాకు కావలసింది ఆ ముక్కే కదా, కథ లేకపోయినా బతకగలననుకున్నాను.

తెరవబోయే ముందు కంప్యూటర్ ఒక్క ప్రశ్న అడిగింది, హక్కుదారు పేరు ఏమిటని. ఒగ్గు బాలనర్సయ్య, గౌడవెల్లి అని కొట్టాను. ఒప్పుకుంది. లిఖీ, మా నాయిన బతికుండగా ఆయన పాటకు ఆయనే హక్కుదారు అని ఏ కాగితమూ అనలేదు.

మొదట నేనొక్కదాన్నే విన్నాను. డోలు ఆగుతుంది. నాయిన దగ్గుతాడు. చాయ్ గుటక వేసిన చప్పుడు. ఆ తర్వాత గోపాలరావు గారి పేరు, అమ్మడమ్మ పేరు. తర్వాత నేను. "నా తల్లి" అనేటప్పుడు నాయిన గొంతు కొంచెం పక్కకు తిరుగుతుంది, నా వైపు చూసి అన్నాడన్నమాట. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నా నాకది పట్టలేదు. ఇన్ని నెలలు మూసి ఉన్నాక వినిపించింది. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. నాయినను ఎంతగా తలుచుకుంటున్నానో నాకే తెలియదు, లిఖీ. పనుల్లో పడి బాగానే ఉన్నాననుకుంటున్నాను. బాగా లేను.

గోపాలరావు గారికి పెన్ డ్రైవ్‌లో కాపీ చేసి ఇచ్చి వచ్చాను. కాపీ చేసేటప్పుడు ఎవరూ అడ్డుపడలేదు. ఆయన చెవి మెషీన్ సరిచేసుకుని విన్నారు, అమ్మడమ్మ పేరు రాగానే చెయ్యెత్తి ఆపమన్నారు. నేను ఆపాను. "ఇప్పుడు కాదమ్మా, నువ్వెళ్ళాక వింటాను" అన్నారు. చెప్పులేసుకుని గేటు వైపు నడుస్తుంటే వెనక నాయిన డోలు వినిపించింది.

ముసాయిదా మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాసి పంపాను. దొంగ కాపీలు మంచివని రాయలేదు. వాటి వల్ల మా ఇంట్లో ఒక కథ పుట్టకుండానే పోయిందని రాశాను. కానీ కొన్నవాళ్ళ ఇంట్లో, కొన్నవాళ్ళ కంటే పెద్ద యజమానిని కూర్చోబెట్టకండి, తాళం వేసే ముందు తలుపు తట్టి మీరెవరని అడిగే మనిషి ఒకరుండాలి, తప్పు తాళం పడితే తీసుకునే హక్కు ఆ ఇంటివాళ్ళకు ఉండాలి అని రాశాను. ఎవరు చదువుతారో తెలియదు. చదవకపోయినా నా మాట నేను వెనక్కి తీసుకున్నాను, అది చాలు.

ఇంత వరకూ రాసి ఉత్తరం ముగించేద్దామనుకున్నాను. నీకూ నాకూ అదే బాగుంటుంది. కానీ నీ దగ్గర దాచి ఏం చేయను?

ఈ సాయంత్రం అమ్మకు వినిపించాను. ఆమెకు చెప్పకుండా కూర్చోబెట్టి పెట్టాను. నాయిన దగ్గగానే అమ్మ సర్దుకుని కూర్చుంది. పేర్లు వచ్చినంతసేపూ నవ్వుతూ ఉంది. నా పేరు దగ్గర నా తల మీద చెయ్యి వేసింది. నీకు తెలియదేమో, పెళ్ళైన కొత్తలో నాయిన ఇంట్లో కథ పాడుకుంటుంటే ఊ కొట్టేది అమ్మే. ఎదురుగా ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నాయినకు కథ సాగదు. ఇప్పుడూ ప్రతి పేరుకూ అమ్మ "ఊ" అంటోంది. దీవెనలు అయిపోయాయి. నాయిన డోలు మీద ఒక్క దెబ్బ వేసి, ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"ఇగ కథలకు పోదాం."

అక్కడితో అయిపోయింది. అక్కడి నుంచి ముంబై వాళ్ళది.

అమ్మ "ఊ" అంది. కొంగు సర్దుకుని, తెర వైపు కాస్త ముందుకు వంగి, మళ్ళీ "ఊ" అంది. చివరికి నా వైపు తిరిగి అడిగింది, కోపం లేదు, నిజంగానే అడిగింది.

"పోదాం అన్నడు గదనే. మరి పోనియ్యరేంది?"

సుస్మిత